ఒకే కీర్తన, వేరు పంక్తులు: ఉత్తరాంధ్ర క్రైస్తవ సంఘాల ఐక్యతలో పురుషోత్తమ చౌదరి కీర్తనల పాత్ర

వ్యాస సంగ్రహం

ఉత్తరాంధ్ర క్రైస్తవ సంఘాలలో భిన్న కులాలు, భిన్న భాషలు, భిన్న మిషన్ సంప్రదాయాలు కలిసి ఉన్నాయి. వీటి మధ్య ఒక ఉమ్మడితనాన్ని కల్పించిన సాహిత్య రూపాలలో తెలుగు క్రైస్తవ కీర్తన ముఖ్యమైనది. ఆ రూపానికి తొలినాటి ప్రధాన కర్త పురుషోత్తమ చౌదరి (1803–1890). ఆయన కీర్తనలు సాధించిన ఐక్యత స్వభావమేమిటి, దాని పరిమితులేమిటి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కీర్తన గొంతుల ఐక్యతను సాధించింది. భాషలో ఐక్యతను కొంతమేరకే సాధించింది. సహపంక్తి విషయంలో మాత్రం మౌనం వహించింది. ఆ మౌనాన్ని పూరించగల రచన చౌదరి రచనల్లోనే ఉన్నా, సంఘస్మృతిలో దానికి కీర్తనలతో సమానమైన చోటు దక్కలేదు. ఇదీ ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: క్రైస్తవ కీర్తన, పురుషోత్తమ చౌదరి, ఉత్తరాంధ్ర, కులం, సవర భాష, సహపంక్తి, ఐక్యత.

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సాహిత్యంపై జరిగిన విమర్శ చాలావరకు రెండు మార్గాలలో సాగింది. మొదటిది చరిత్ర మార్గం. మిషనరీల రాక, బైబిలు అనువాదం, ముద్రణ, పాఠశాలలు దీని పరిధిలోకి వస్తాయి. రెండవది తత్త్వ మార్గం. క్రైస్తవ కీర్తనల్లోని భక్తిని భారతీయ భక్తి సంప్రదాయంతో పోల్చి చూడటం దీని పని. ఆర్. ఆర్. సుందరరావు తెలుగు కీర్తనలలోని భక్తి తత్త్వంపై చేసిన కృషి ఈ రెండవ మార్గానికి పునాది వేసింది. ఈ రెండు మార్గాలూ అవసరమైనవే. అయితే కీర్తనను పాడేవారు ఎవరు, వారు ఎవరి పక్కన నిలబడి పాడతారు, పాట ముగిశాక ఎవరి పక్కన కూర్చుంటారు అనే ప్రశ్నలకు ఈ మార్గాలలో తగినంత చోటు దొరకలేదు.

ఐక్యత అనే మాట క్రైస్తవ సంఘాలలో తరచుగా వినిపిస్తుంది. దాన్ని సద్భావనగానో ప్రబోధంగానో స్వీకరించి వదిలేయడం సులభం. సాహిత్య విమర్శ చేయవలసిన పని వేరు. ఐక్యత ఏ రూపంలో నిర్మితమైంది, ఆ రూపం ఎవరి సంస్కృతి నుంచి వచ్చింది, ఎవరిని దగ్గర చేసింది, ఎవరిని ఒక అడుగు దూరంలో నిలిపింది అని అది అడగాలి. అందుకు ఉత్తరాంధ్ర తగిన క్షేత్రం.

2. గజపతినగరం దారి: చారిత్రక నేపథ్యం

విజయనగరం నుంచి సాలూరు మీదుగా రాయపూర్ వెళ్లే రహదారిపై, చంపావతి నదికి సమీపంలో గజపతినగరం ఉంది. మైదానం నుంచి ఏజెన్సీకి, తెలుగు నుంచి ఒడియా, సవర, కువి వంటి భాషల సీమకు సాగే మార్గంలో ఇదొక మజిలీ. క్రైస్తవ సంఘాల పటంలోనూ దీని స్థానం ఇలాంటిదే. గజపతినగరం కెనడియన్ బాప్టిస్టు మిషన్ కేంద్రాలలో ఒకటి. అదే దారిలో ముందుకు వెళితే వచ్చే సాలూరు, జర్మనీకి చెందిన బ్రెక్లం లూథరన్ మిషన్ పనిచేసిన ప్రాంతం. ఒకే రహదారి మీద ఒక చోట విశ్వాసులకు నీటిలో ముంచి బాప్తిస్మం ఇచ్చే సంప్రదాయం, మరొక చోట శిశువులకు బాప్తిస్మం ఇచ్చే సంప్రదాయం పక్కపక్కనే స్థిరపడ్డాయి.

ఈ భేదం స్థానిక ప్రజలు ఎంచుకున్నది కాదు. మిషన్ సంస్థలు పోటీని నివారించుకోవడానికి తమ పని ప్రాంతాలను పంచుకున్నాయి. దాంతో ఒక కుటుంబం బాప్టిస్టు కావడానికైనా లూథరన్ కావడానికైనా సిద్ధాంత నిర్ణయం కంటే ఊరి ఉనికే ప్రధాన కారణమైంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి ఈ ప్రాంతంలో ప్రొటెస్టెంటు మిషన్ పనికి, తెలుగు బైబిలు అనువాదానికి శ్రీకారం చుట్టారు. కెనడియన్ బాప్టిస్టుల తెలుగు పని 1874లో కాకినాడలో మొదలై, తర్వాతి దశాబ్దాలలో భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడి వైపు విస్తరించింది. లండన్ మిషన్ నాటిన సంఘాలు కూడా తర్వాత కెనడియన్ బాప్టిస్టుల నిర్వహణలోకి వచ్చాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు, ఈ బాప్టిస్టు సంఘాలు అందులో చేరలేదు. పాలనాపరమైన ఐక్యత ఉత్తరాంధ్రను ఆ విధంగా దాటిపోయింది.

మిషన్ భేదాల కంటే లోతైనవి సామాజిక భేదాలు. తొలి తరంలో బైబిలు అనువాదానికీ కీర్తన రచనకూ తోడ్పడినవారిలో బ్రాహ్మణ కుటుంబాల నుంచి వచ్చినవారు ఉన్నారు. సంఘ సభ్యులలో అత్యధికులు అంటరానివారిగా చూడబడిన కులాలవారు. కొండ ప్రాంతాలలో సవరల వంటి గిరిజనులు. వీరందరికీ ఉమ్మడిగా ఉన్న ఇల్లు లేదు, ఉమ్మడి వీధి లేదు, ఉమ్మడి బావి లేదు. ఉమ్మడిగా ఏర్పడిన తొలి ఆస్తి పాటే. బాప్టిస్టులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘంవారు, మెథడిస్టులు తమ సిద్ధాంత భేదాలను వదులుకోకుండానే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే సంపుటిని పంచుకోగలిగారు. సభా సమావేశాలలో కుదరని ఒప్పందం పాటల పుస్తకంలో కుదిరింది.

3. సరిహద్దు సీమ కవి

ఆ ఒప్పందానికి పురుషోత్తమ చౌదరి పునాది వేశాడని చెప్పడం అతిశయోక్తి కాదు. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనపురంలో జన్మించాడు. వంగదేశ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబం, ఒడియా పరిసరం, తెలుగు సాహిత్య సాధన ఆయనలో కలిశాయి. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాలలో బోధకుడిగా, పాదిరిగా పనిచేసి 1890లో మరణించాడు. నూటికి పైగా కీర్తనలతో పాటు శతకం, స్తవం, వాదగ్రంథాలు రచించాడు.

ఈ జీవితరేఖలో విమర్శకు ఉపయోగపడే అంశం ఒకటి ఉంది. చౌదరికి తెలుగు సహజమైన ఏకైక భాష కాదు. అనేక భాషల మధ్య ఎంచుకున్న సాహిత్య భాష. ఒక భాషలోనే పుట్టి పెరిగిన కవికి ఆ భాషలోని ప్రాంతీయ ఛాయలు అప్రయత్నంగా వస్తాయి. భాషను సాధనతో ఎంచుకున్న కవి దానిలోని ప్రామాణిక రూపాన్ని ఆశ్రయిస్తాడు. చౌదరి కీర్తనల భాషలో శ్రీకాకుళం మాండలికపు జాడలు కనిపించకపోవడానికి ఒక కారణం ఇదే కావచ్చు. అందువల్లే ఆ కీర్తనలు గుంటూరులోనూ నెల్లూరులోనూ హైదరాబాదులోనూ పరాయివిగా తోచలేదు. ఏ ఒక్క ఊరి పలుకుబడికీ కట్టుబడకపోవడం వాటి వ్యాప్తికి దోహదం చేసింది.

చౌదరి శూన్యంలో మొదలుపెట్టలేదు. మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’తో పద్దెనిమిదో శతాబ్దిలోనే క్రీస్తు కథ ప్రబంధ శైలిలోకి వచ్చింది. కానీ ప్రబంధం పండితుడు చదివే గ్రంథం, సంఘం పాడే పాట కాదు. చౌదరి ఎంచుకున్నది పల్లవి, అనుపల్లవి, చరణాలు గల కీర్తన. అది గుడిలోనూ భజన మందిరంలోనూ ఊరి మండపంలోనూ వినిపించే రూపం. అక్షరం రానివారు సైతం చెవితో పట్టుకోగలిగే రూపం. ఐక్యత కోణంలో చూస్తే, ఆయన చేసిన నిర్ణయాలలో అతి ముఖ్యమైనది ఈ రూపాన్ని ఎంచుకోవడమే.

4. కీర్తన నిర్మాణం: ఉమ్మడితనం ఎలా ఏర్పడింది?

కీర్తన సంపుటిలో రెండు రకాల పాటలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి రాగతాళ నిర్దేశంతో తెలుగులోనే పుట్టిన కీర్తన. రెండవది పాశ్చాత్య బాణీకి అనువదించిన గీతం. ఈ రెండింటినీ పోలిస్తే మొదటిదాని సామర్థ్యం తేటపడుతుంది. ఇంగ్లీషు గీతం పదంలోని ఊనికపై నడుస్తుంది. తెలుగు పాట గురులఘువుల కాలపరిమాణంపై నడుస్తుంది. ఊనికకు సరిపోయేలా తెలుగు పదాన్ని కూర్చినప్పుడు హ్రస్వం సాగుతుంది, దీర్ఘం కుంచించుకుపోతుంది, పదం మధ్యలో విరుగుతుంది. గాయకుడికి స్వరం తెలిసినా మాట అర్థం కావడానికి పుస్తకం చూడవలసి వస్తుంది. అంటే అనువాద గీతం చదువు వచ్చినవాడికి అనుకూలం. తెలుగు కీర్తనలో తాళం పదాన్ని మోస్తుంది. పల్లవి ప్రతి చరణం తర్వాతా తిరిగి వస్తుంది. చరణాలు కంఠతా రానివాడు కూడా పల్లవి దగ్గర అందరితో కలుస్తాడు. సంఘంలో అక్షరాస్యులకూ నిరక్షరులకూ మధ్య ఉన్న అంతరాన్ని పల్లవి పునరావృత్తి కొన్ని క్షణాలైనా రద్దు చేస్తుంది.

రెండవ అంశం పదజాలం. నాథుడు, దాసుడు, శరణు, కృప, పాపం, మోక్షం వంటి మాటలు వైష్ణవ, శైవ భక్తి సాహిత్యంలో అప్పటికే స్థిరపడినవి. చౌదరి వాటిని క్రీస్తు పరం చేశాడు. దాసుడు అనే మాటను ఉదాహరణగా తీసుకోవచ్చు. భక్తి సంప్రదాయంలో అది స్వచ్ఛందంగా స్వీకరించిన గౌరవం. ఊరి ఆర్థిక వ్యవస్థలో వెట్టి చేస్తున్నవాడికి అది రోజూ అనుభవించే నిర్బంధం. ఒకే మాటను బ్రాహ్మణ విశ్వాసి వినయంగా పలికితే, పాలేరుగా బతికిన విశ్వాసి తన యజమాని మారాడని ప్రకటిస్తూ పలుకుతాడు. మాట ఒకటే, దాని బరువు వేరు. కీర్తన ఈ రెండు అర్థాలనూ తనలో ఇముడ్చుకోగలగడం వల్లనే ఉమ్మడి పాట అయింది.

మూడవ అంశం భాషాస్థాయి. కీర్తన భాష, బైబిలు గ్రాంథికం కలిసి సంఘాలలో ఒక ప్రత్యేక ఆరాధన భాషను తయారుచేశాయి. అది ఎవరూ ఇంట్లో మాట్లాడే భాష కాదు. ‘ఏటి’, ‘ఎల్లిపోనాడు’ అని పలికే ఉత్తరాంధ్ర ఇల్లు, ‘సెలవిచ్చెను’, ‘ఇట్లనెను’ అని పలికే మందిరం రెండు వేర్వేరు భాషా ప్రపంచాలు. అందరికీ కొంత దూరంలో ఉన్న భాషలో అందరూ కలుసుకోవడం సమానతకు ఒక మార్గం. అయితే ఆ దూరం అందరికీ సమానం కాదు. సంస్కృత సమాసం చదువుకున్న కుటుంబానికి అరడుగు దూరంలో ఉంటుంది. కూలి కుటుంబానికి ఒక అడుగు. తెలుగు మాతృభాష కాని సవరకు రెండడుగులు. ఈ ఆరాధన భాష ఐక్యతను సాధించిందనడం నిజమే. ఆ ఐక్యతకు చెల్లించిన మూల్యం అందరికీ ఒకటి కాదనడమూ అంతే నిజం.

5. కీర్తనలోని ‘నేను’

చౌదరి కీర్తనలలో మాట్లాడే గొంతు ఎక్కువగా ఏకవచనం. పాపి అయిన ‘నేను’ రక్షకుడిని వేడుకుంటాడు, తన అయోగ్యతను ఒప్పుకుంటాడు, శరణు కోరుతాడు. తన బుద్ధిని, మనసును తానే హెచ్చరించుకుంటాడు. తెలుగు శతకాలలోని ఆత్మనింద ధోరణికి ఇది దగ్గరి చుట్టం.

ఈ ‘నేను’ సంఘగానంలో ఒక విచిత్రమైన పని చేస్తుంది. వందమంది కలిసి ‘నేను పాపిని’ అనే భావాన్ని పాడినప్పుడు, పుట్టుకతో పవిత్రుడినని భావించేవాడూ, పుట్టుకతో అపవిత్రుడని ముద్ర పడినవాడూ ఒకే ఒప్పుకోలు చేస్తున్నారు. కులవ్యవస్థ శుద్ధిని పుట్టుకతో పంచింది. కీర్తన అశుద్ధిని అందరికీ సమానంగా పంచింది. ఇది చిన్న విషయం కాదు. పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరాంధ్రలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన కవి తనను తాను అధమ పాపిగా ప్రకటించుకునే పాట రాయడం, దానిని అంటరాని వాడల ప్రజలు రాగతాళాలతో పాడటం, ఈ రెండూ సామాజిక చర్యలే. శాస్త్రీయ కీర్తన గుడి గడప లోపలి సంపదగా ఉన్న కాలంలో, గడప బయట నిలిపిన ప్రజలు ఆ రూపాన్ని సొంతం చేసుకున్నారు. అందువల్ల చౌదరి కీర్తనల సంస్కృత పదజాలాన్ని చూసి వాటిని కేవలం అగ్రవర్ణ సంస్కృతికి కొనసాగింపుగా తీర్పు చెప్పడం సరికాదు. పాఠంగా చదివినప్పుడు కనిపించే అర్థం, పాడేవారిని బట్టి మారుతుంది.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. వందమంది ‘నేను’ అని పాడితే అది ‘మనం’ అవుతుందా? ప్రతి ‘నేను’ దేవుడి ముఖం వైపే తిరిగి ఉంది. పక్కనున్న మనిషి వైపు తిరగలేదు. దేవుడి ముందు సమానత ప్రకటితమైంది కానీ, ఆ సమానత మనుషుల మధ్య ఏ ఆచరణను కోరుతుందో కీర్తన చెప్పదు. చెప్పడం ఆ రూపం స్వభావం కాదనవచ్చు. కానీ చౌదరికి ఆ ప్రశ్న తెలియదని మాత్రం అనలేం. ఆయన ‘కులాచార పరీక్ష’ అనే రచన కూడా చేశాడు. కులాన్ని పరీక్షకు నిలబెట్టిన ఆ శీర్షికే ఆయన దృష్టిని చెబుతుంది. అంటే ఆయన తన రచనలలో ఒక పని విభజన చేసుకున్నాడు. మనిషికీ దేవుడికీ సంబంధించినది కీర్తనలోకి, మనిషికీ మనిషికీ సంబంధించినది వాదగ్రంథంలోకి వెళ్లాయి. సంఘం మొదటిదాన్ని ప్రతి ఆదివారం చేతికి తీసుకుంది, రెండవదాన్ని గ్రంథాలయానికి వదిలింది. చౌదరిని సంఘస్మృతి సగమే గుర్తుంచుకుంది.

6. సంపుటిలోకి రాని లయలు

ఉత్తరాంధ్ర ప్రదర్శన కళలకు పుట్టినిల్లు. తప్పెటగుళ్లు, జముకుల కథ, తూర్పు భాగవతం, కోలాటం, ఏజెన్సీలో థింసా ఈ నేల లయలు. క్రైస్తవ కీర్తన సంపుటిలో ప్రధాన స్థానం శాస్త్రీయ కీర్తన బాణీకీ పాశ్చాత్య బాణీకీ దక్కింది. ఈ ప్రాంతీయ గతులకు ఆ స్థాయి దక్కలేదు. ఐక్యత కోసం ఎంచుకున్న రెండు నమూనాలూ, అంటే సభాసంగీతమూ మిషనరీ సంగీతమూ, సంఘ సభ్యులలో అధిక సంఖ్యాకుల సొంత సంగీతం కావు.

దీనిని కేవలం నష్టంగా చూడటం తొందరపాటు. డప్పు విషయం ఇందుకు ఉదాహరణ. డప్పు కొట్టడం దళిత కులాలపై మోపిన వెట్టి బాధ్యతలలో ఒకటి. చావుకూ జాతరకూ పిలిస్తే వెళ్లి తీరవలసిన పని. క్రైస్తవం స్వీకరించినవారు డప్పును వదిలిపెట్టడంలో తమ కళను వదులుకోవడంతో పాటు ఆ వెట్టిని తిరస్కరించడమూ ఉంది. వదిలినది వాద్యమా, వెట్టియా అనే ప్రశ్నకు రెండూ అనే సమాధానం. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) నవల ఈ సంక్లిష్టతను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. రూతు జ్ఞాపకాల ద్వారా సాగే ఆ కథలో ఎల్లన్న తరం ఆటపాటలు, తర్వాతి తరాల క్రైస్తవ జీవితం ఒకే వంశగాథలో ఇమిడి ఉంటాయి. పాట ఎక్కడ ఆగింది, ఎక్కడ మరో రూపంలో కొనసాగింది అని ఆ నవల పాఠకుడిని ఆలోచింపజేస్తుంది. మతం మారినా మనుషుల మధ్య అంతరాలు వెంట రావడాన్ని కూడా అది దాచదు. తర్వాతి కాలంలో దళిత సాహిత్యోద్యమం డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా తిరిగి చేతికి తీసుకుంది. వెట్టి పోయాక వాద్యం తిరిగి రావడానికి మార్గం ఏర్పడింది. సంఘాల పాటల పుస్తకం ఆ మార్పును ఇంకా పూర్తిగా గుర్తించవలసి ఉంది.

7. సవర ఉదాహరణ: భిన్న భాషల ఐక్యత

ఐక్యతకు ఏకభాష తప్పనిసరి కాదని చూపే ఉదాహరణ చౌదరి పుట్టిన పర్లాకిమిడి ప్రాంతంలోనే ఉంది. గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాషను నేర్చుకున్నాడు. సవర బాలలకు వారి భాషలోనే వాచకాలు తయారుచేశాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో వెలువడ్డాయి. తెలుగులో వ్యావహారిక భాష కోసం పోరాడిన పండితుడే సవర కోసం కృషి చేయడం యాదృచ్ఛికం కాదు. మనిషి తన ఇంటి భాషలో చదువుకోవాలనే సూత్రం రెండింటికీ మూలం. ఆయన క్రైస్తవుడు కాదు, ఆయన లక్ష్యం మతప్రచారం కాదు. అయినా సవర భాషకు గ్రంథస్థమైన గౌరవం దక్కడంలో ఆయన పాత్ర మౌలికమైనది. కెనడియన్ బాప్టిస్టుల పని సవర కొండల్లో విస్తరించినప్పుడు సవర భాషే ఆరాధన భాషగా నిలిచింది.

భాషా గుర్తింపు ఎంత లోతైనదో సవరల లిపి చరిత్ర కూడా చెబుతుంది. 1936లో మంగేయి గమాంగో సవర భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే ప్రత్యేక లిపిని రూపొందించాడు. క్రైస్తవ సవరలు రోమను లిపి వైపు మొగ్గగా, ఈ లిపి మరొక ఆధ్యాత్మిక మార్గానికి కేంద్రమైంది. అదే ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. ఒకే జాతి రెండు రాష్ట్రాలలో, భిన్న లిపులలో జీవించవలసి వచ్చింది. ఇలాంటి పరిస్థితిలో ఐక్యత పేరుతో తెలుగు కీర్తననే అందరిపై మోపి ఉంటే అది మరొక విభజన అయ్యేది.

క్రైస్తవ మూలగ్రంథంలోనే దీనికి ఆధారం ఉంది. అపొస్తలుల కార్యములలోని పెంతెకొస్తు ఘట్టంలో అన్ని దేశాలవారూ ఒకే భాష మాట్లాడటం లేదు. ప్రతి ఒక్కరూ తమ సొంత భాషలో వింటున్నారు. బాబెలు గోపురం కథలో భాషాభేదం శిక్షగా కనిపిస్తే, ఇక్కడ భాషాభేదం తొలగకుండానే శిక్ష తొలగింది. ఐక్యత అంటే ఏకరూపత కాదనే భావానికి ఇంతకంటే స్పష్టమైన కథారూపం అరుదు.

8. పంక్తి దగ్గర ప్రశ్న

పాటలో కలిసినవారు భోజనంలో కలుస్తారా? భారతీయ సమాజంలో ఐక్యతకు అసలు పరీక్ష ఇదే. కొత్త నిబంధనలోనూ ఇదే. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు, అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ కొందరు రాగానే వెనక్కి తగ్గిన పేతురును బహిరంగంగా ప్రశ్నించిన సంఘటనను చెబుతాడు. అదే పత్రికలో యూదుడు, గ్రీసు దేశస్థుడు అనే భేదం లేదన్న ప్రకటన వస్తుంది. అంటే ఆ ప్రకటన పంక్తి వివాదం నుంచి పుట్టిన వాక్యం. దాన్ని పంక్తి నుంచి విడదీసి గోడమీద రాసుకుంటే అర్థం పలచబడుతుంది.

తెలుగు నేలపై ఈ ప్రశ్నను ఆచరణలో ఎదుర్కొన్నవారు ఉన్నారు. తిరునల్వేలి ప్రాంతం నుంచి దోర్నకల్ వచ్చిన తమిళుడు వి. ఎస్. అజరయ్య, 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. 1910 ఎడిన్‌బరో సమావేశంలో ఆయన మిషనరీలకూ భారతీయ క్రైస్తవులకూ మధ్య ఉన్న దూరాన్ని ఎత్తిచూపి, ఉపకారానికి మించి స్నేహం కావాలని కోరాడు. తర్వాత తన అధ్యక్ష మండలంలో మాల, మాదిగ విశ్వాసుల మధ్య ఎడబాటును ఎదుర్కోవలసి వచ్చింది. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయ శిల్పంలో హిందూ, ముస్లిం, క్రైస్తవ రీతులను కలపడం ఆయన ఐక్యతా భావనకు కట్టడ రూపం. పంజాబు సిక్కు కుటుంబం నుంచి వచ్చిన భక్త్ సింగ్ (1903–2000) మరొక దారి తొక్కాడు. 1941 నుంచి మద్రాసులోనూ, తర్వాత హైదరాబాదు హెబ్రోనులోనూ జరిగిన ఆయన పరిశుద్ధ సభా కూటాలలో ప్రేమవిందు ముఖ్య భాగం. వేర్వేరు కులాల, ప్రాంతాల, ఆర్థిక స్థాయిల వారు నేలమీద ఒకే వరుసలో కూర్చుని తినడం అక్కడ ఆరాధనకు కొనసాగింపు. కీర్తన చెప్పని మాటను పంక్తి చెప్పింది.

ఈ ప్రశ్న సంఘం లోపలికే పరిమితం కాదు. 1950 రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. షెడ్యూల్డు కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల ‘సి’ గ్రూపులో, ఒక శాతం రిజర్వేషన్‌తో మిగిలారు. షెడ్యూల్డు తెగలకు ఇలాంటి మత నిబంధన లేదు. దాంతో ఒకే మందిరంలో ఒకే కీర్తన పాడే దళిత క్రైస్తవుడికీ గిరిజన క్రైస్తవుడికీ ప్రభుత్వ రికార్డులలో వేర్వేరు భవిష్యత్తులు ఉన్నాయి. కాగితంపై ఒక గుర్తింపు, మందిరంలో మరొక గుర్తింపుతో బతకవలసి రావడం విశ్వాసులను బహిరంగ ఐక్యతకు వెనకాడేలా చేస్తుంది. దీనిని వ్యక్తుల విశ్వాస లోపంగా చిత్రించడం అన్యాయం.

గుర్రం జాషువా (1895–1971) జీవితం ఈ చిక్కుముడికి కావ్యరూప సాక్ష్యం. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ కవి సంప్రదాయ పద్యాన్ని ఎంచుకున్నందుకు సంఘం లోపలా, కులం కారణంగా సంఘం బయటా నిరాదరణను చూశాడు. ‘గబ్బిలం’ (1941) రాసిన చేత్తోనే ‘క్రీస్తు చరిత్ర’ రాసి, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. చౌదరి కీర్తనకూ వాదగ్రంథానికీ మధ్య విడదీసిన రెండు ప్రశ్నలు, అంటే దేవుడి ముందు మనిషి, మనిషి ముందు మనిషి, జాషువాలో ఒకే కవి గొంతులో కలిశాయి. ఆ రీత్యా జాషువా చౌదరికి వారసుడు కూడా, విమర్శకుడు కూడా.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలకు రావచ్చు. తెలుగు క్రైస్తవ కీర్తన మిషన్ సరిహద్దులను దాటి ఒక ఉమ్మడి గొంతును నిర్మించింది. పాలనాపరమైన ఐక్యతలో చేరని ఉత్తరాంధ్ర బాప్టిస్టు సంఘాలను సైతం అది తక్కిన తెలుగు క్రైస్తవులతో కలిపింది. పల్లవి పునరావృత్తి అక్షరాస్యత అంతరాన్ని తగ్గించింది. పాపి అయిన ‘నేను’ పుట్టుకతో వచ్చే శుద్ధి భావనను నిరాకరించింది. ఇవి కీర్తన సాధించిన విజయాలు.

పరిమితులు కూడా అంతే స్పష్టం. ఉమ్మడి భాషకు చేరుకోవడానికి అందరూ సమాన దూరం నడవలేదు. అధిక సంఖ్యాకుల లయలకు సంపుటిలో తగిన చోటు దక్కలేదు. దేవుడి ముందు ప్రకటించిన సమానత పంక్తి వరకు రాలేదు. వీటికి కీర్తనను మాత్రమే బాధ్యురాలిని చేయలేం. పాటకు అప్పగించవలసిన పని కొంత, పాటకు మించి చేయవలసిన పని కొంత ఉంటాయి. రెండవదాన్ని కూడా పాటే చేస్తుందని సంఘం నమ్ముకోవడం వల్ల ఈ వెలితి ఏర్పడింది.

తెలుగు శాఖల పరిశోధనకు ఇక్కడ చేయవలసిన పని ఉంది. చౌదరి కీర్తనలతో పాటు ‘కులాచార పరీక్ష’ను కూడా పరిష్కరించి, రెండింటినీ కలిపి చదివే పాఠ్యసంపుటి రావాలి. విజయనగరం, గజపతినగరం, బొబ్బిలి, సాలూరు దారిలోని సంఘాలలో కీర్తనలు మౌఖికంగా పొందిన మార్పులను, మారిన బాణీలను, మాండలిక ఉచ్చారణలను నమోదు చేయాలి. సవర క్రైస్తవ గీతాలను తెలుగు కీర్తనకు అనుబంధంగా కాక, సమాన సంప్రదాయంగా అధ్యయనం చేయాలి. చౌదరి తన కాలంలో తనకు అందిన అత్యుత్తమ రూపాన్ని తీసుకుని, దానిని అందరికీ పంచాడు. ఆ రూపంలో చోటు దొరకని గొంతులకు చోటు కల్పించడం, ఆయన విడిగా అడిగిన కులప్రశ్నను కీర్తన పక్కకు తిరిగి తేవడం తర్వాతి తరాల బాధ్యత. ఐక్యత పాటతో మొదలైంది. అది పంక్తి వరకు సాగినప్పుడే పూర్తవుతుంది.